మగ్గం గుంటలో తెల్లపొడి

సిద్దిరాములు పేరు వినబడితే కైలాసం నోట్లోంచి బీడీ తీసి ఉమ్మేసేవాడు. ఎదుట ఎవరున్నా సరే, చావింట్లో చాప మీద కూర్చున్నా సరే.

"వాడు నాకు రెండు ఇచ్చిండు," అనేవాడు. "ఒకటి డబ్బాల పోసి ఇచ్చిండు. ఒకటి కులం నడుమ నిలవడి ఇచ్చిండు. రెండిట్ల దేనితోటి సచ్చిన్నో నాకే తెల్వది."

సిద్దిరాములు పరాయివాడు కాదు. కైలాసం పెళ్ళాం అనసూర్యకు తోడబుట్టిన అన్న. ఇద్దరూ ఈడువాళ్ళు, ఒకరినొకరు బావా అంటే బావా అనుకునేవాళ్ళు. కైలాసానిది సిరిసిల్లలో మూడర్రల పెంకుటిల్లు, నడిమింట్లో గుంట మగ్గం. ఊరి బయట మానేరు దాపున వానకు పండే ఒక చెలక ముక్క. ఆ చెలక తండ్రి కొన్నది. నిజాం కాలంలో చీరలు నేసి, నడుము వంగిపోయేదాకా నేసి కొన్నది. పోయేముందు కొడుకు చెయ్యి పట్టుకొని, "గుంటల కూసున్నోడు గుంటలనే పోతడు బిడ్డా. నీ కొడుకన్న మట్టి మీద నిలవడాలె. గా చెలక వానిది, నీది గాదు. నువ్వు కావలుండు, అంతే," అన్నాడు. అప్పటికి కైలాసానికి పెళ్ళే కాలేదు. లేని కొడుకు కోసం అప్పటినుంచే కావలి మొదలైంది.

పోలీసు చర్య అయిన మూడు నాలుగేండ్లకు అనసూర్య ఆ ఇంటికి కోడలై వచ్చింది. మాట తక్కువ, చూపు ఎక్కువ. రాట్నం ముందు కూర్చుందంటే పొద్దుగూకేదాకా కండెలు చుట్టేది. దారం తెగితే అత్త కంటే ముందు ఆమె చెవికి తెలిసేది. మొదటి ఏడే కైలాసం ఒక పని చేశాడు. చీరల పడుగు ముగిసినప్పుడు చివర మిగిలే పోగుల్ని పారెయ్యకుండా ముడేసుకుంటూ, ఆమె చుట్టిచ్చిన ఎర్రటి కండెలతో, ఉయ్యాలకు సరిపడా ఒక గుడ్డ నేశాడు. తొట్టెల గుడ్డ. సాలెవాడలో తొలి కాన్పు కాకముందే అది నేసి పెట్టెలో దాచుకోవడం మంచి శకునం. అనసూర్య దాన్ని చెంపకు ఆనించుకొని, "జర గరుకున్నది. ఉతికితె మెత్తగైతది," అంది. ఆ గుడ్డ పెట్టె అడుక్కు పోయింది.

ఇంటికి పట్టిన పీడల్లా పురుగే. పడుగుకు గంజి పెట్టాల్సిందే, గంజి వాసనకు బొద్దింకలు రావాల్సిందే. రాత్రి నునుపుగా ఉన్న పడుగు తెల్లారేసరికి కొరికిన చోటల్లా తెగేది. గుంటలో చెద. తొక్కుడు చెక్కలను లోపల్లోపలే తినేసేది. మంచంలో నల్లి. అన్నిటికీ మించి తామర. నేతగాడు నడుము కిందిభాగమంతా గుంటలో దించి కూర్చోవాలి. మట్టి చెమ్మ, మనిషి చెమట. గోచీ తప్ప ఒంటి మీద గుడ్డ ఉండదు. కైలాసానికి తొడల సందున తామర లేచి, నేస్తూ నేస్తూ ఒక చేత్తో గోక్కునేవాడు. పడుగులో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆగిపోయేది.

అలాంటప్పుడు సిద్దిరాములు వచ్చాడు. అతనికి మలేరియా మందు కొట్టే కొలువు దొరికింది. ఆదిలాబాదు అడవుల్లో గూడెం గూడెం తిరిగి గోడలకు తెల్లమందు కొట్టాలి. ఖాకీ లాగు, నెత్తిమీద టోపీ, చంకలో ఒక రేకు డబ్బా.

"ఏంది బావా, నేసుడు తక్కువ గోకుడు ఎక్కువైనట్టున్నది," అన్నాడు గడపలోనే.

"నువ్వు గిండ్ల కూసోని సూడు, నీకూ తెలుస్తది."

"నేనెందుకు కూసుంట. సర్కారోడు నాకు నిలవడే నౌకరీ ఇచ్చిండు." డబ్బా మూత తీశాడు. లోపల పిండిలాంటి తెల్లపొడి. "డీడీటీ. గోండు గూడేలల్ల గిది కొట్టినంక దోమ లేదు, నల్లి లేదు, ఈగ లేదు. మిగిలింది తెచ్చిన. గుంటల చల్లు, పడుగు కింద చల్లు, మంచంల చల్లు. జర పల్లినూనెల కలిపి తొడలకు రాయి, నీ తామర తాత గూడ పారిపోతడు."

"మనిషికి ఏంగాదా?"

సిద్దిరాములు చిటికెడు తీసి అరచేతిలో రుద్దుకొని చూపించాడు. "నేను రోజూ దీంట్ల మునిగి తేలుత. సచ్చిన్నా? ఫికర్ చెయ్యకు."

ఆ సాయంత్రమే చల్లారు. తెల్లారి అనసూర్య చాటలోకి ఊడ్చితే చాట నిండింది. బొద్దింకలు, చీమలు, జెర్రులు, అన్నీ వెల్లకిలా, కాళ్ళు ముడుచుకొని. కనకవ్వ, కైలాసం తల్లి, చాట చూసి చెంపలేసుకుంది. సంతోషంతోనే. "సిద్దిరాములు సల్లగుండ. ఇల్లు ఇల్లయింది ఇయ్యాళ," అంది.

తామర కూడా పోయింది. పల్లినూనెలో పొడి కలిపి చిన్న గిన్నెలో మగ్గం పక్కనే పెట్టుకొని, రోజూ గుంటలోకి దిగేముందు తొడలకు, గజ్జలకు పట్టించేవాడు కైలాసం. దేవునికి దీపం పెట్టినంత నియమంగా. సిద్దిరాములు వచ్చినప్పుడల్లా డబ్బా తెచ్చేవాడు. కైలాసం నేసిన చీరలకు పేరొచ్చింది. ఒక్క కొరుకుడు లేదు, ఒక్క మచ్చ లేదు. వాడలో మిగతావాళ్ళు ఆ పొడి అడిగితే లేదనేవాడు. చేతిలో ఉన్న అదృష్టాన్ని పంచేంత పెద్ద మనసు అతనికెప్పుడూ లేదు. పెట్టెల్లో చీరల మడతల మధ్య చల్లాడు. తొట్టెల గుడ్డ మడతల్లోనూ చల్లాడు. అందులో రెండు పిడికిళ్ళు ఎక్కువే.

ఒకనాడు పని ఆపి మంచినీళ్ళు తాగుతుంటే అతనికి ఏదో తేడా తెలిసింది. ఇంట్లో చప్పుడు లేదు. బల్లి పలకడం లేదు. దూలాల సందున గూడుకట్టే పిచ్చుకలు లేవు. సందెవేళ మూలలో కూసే కీచురాయి లేదు. మగ్గం ఆగితే ఇల్లు బావిలా ఉంది. అప్పుడు దాన్ని శుభ్రం అనుకున్నాడు.

ఏండ్లు గడిచాయి. ఆంధ్రప్రదేశ్ అయింది. అనసూర్య కడుపు మాత్రం పండలేదు. కనకవ్వ బాసర తీసుకెళ్ళి గోదావరిలో ముంచి తెచ్చింది. వేములవాడలో కోడెను కట్టించింది. నిర్మల్ దాకా పోయి ఎవరో ఇచ్చిన వేరు నూరి తాగించింది. ఫలితం లేకపోయేసరికి మాటలు మొదలుపెట్టింది.

"రాట్నం తిప్పేటామెకు కండె నిండుతది గని కడుపు నిండదు," అనేది ఇంటిముందు పోయేవాళ్ళు వినేలా.

అనసూర్య చూపంతా కోళ్ళ మీద ఉండేది. ఇంట్లో మూడు పెట్టలు, ఒక ఎర్ర పుంజు. ఆ పుంజుకు మగ్గం గుంట అంచున దుమ్ములో పొర్లడం అలవాటు. చచ్చిన పురుగులన్నీ అదే ఏరుకు తినేది. పెట్టలు వాకిట్లోనే తిరిగేవి, మగ్గం చప్పుడుకు జడిసి లోపలికి వచ్చేవి కావు. మొదట్లో పిల్లలు బాగానే దిగేవి. తర్వాత తర్వాత పొదిగేసిన గుడ్లన్నీ మురిగిపోవడం మొదలైంది. అనసూర్య ఏమీ అనకుండా ఒక పెట్టను పక్కింటి బుచ్చవ్వ దొడ్లో వదిలింది, వాళ్ళ పుంజు దగ్గర. కొన్నాళ్ళకు తెచ్చి పొదిగేసింది. గంపెడు పిల్లలు దిగాయి.

ఆ పిల్లల్ని కొంగులో వేసుకొని మగ్గం దగ్గరకొచ్చింది. కైలాసం నేస్తున్నాడు.

"ఇగో, ఒక్క మాట," అంది.

"చెప్పు."

"పెట్ట గదే. మన గంపనే. పుంజు మారింది, పిల్లలు దిగినయి."

నాడె ఆగింది. "అయితే?"

"అయితే ఏంలే. సూడమని తెచ్చిన."

ఆమె కళ్ళు దించుకోలేదు. కైలాసం గుంటలోంచి లేచాడు. తొడల నిండా తెల్లటి నూనెపూత. కొడతాడనుకుంది ఆమె. కొట్టలేదు. వాకిట్లోకి పోయి ఎర్ర పుంజును పట్టి మెడ తిప్పి ఆమె కాళ్ళ దగ్గర పడేశాడు. "వండు," అన్నాడు.

పుంజును కోసినప్పుడు దాని విత్తులు ఇంటి యజమాని పళ్ళెంలో పడాలి. చిక్కుడు గింజల్లా, అంతకంటే పెద్దగా, తెల్లగా మెరుస్తుంటాయి. మగవానికి బలం అంటారు. కనకవ్వే కూర్చొని పుంజును కోసింది. పేగులు తీసింది, గుండె తీసింది, వెన్ను పక్కన వేలుపెట్టి వెతికింది. మళ్ళీ వెతికింది.

"ఎటువోయినయే?" అంది.

దొరికాయి. జొన్నగింజలంత. ఎండి, ముడతలుపడి, పసుప్పచ్చగా. ముసలమ్మ వాటిని అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూసింది. కొడుకు వైపు చూడలేదు. తర్వాత చెయ్యి దులిపేసింది. దులిపే లోపల కైలాసం చూశాడు, అనసూర్య చూసింది. ఆ కూర కైలాసం ఒక్కడే తిన్నాడు. తింటుంటే పళ్ళకింద ఏది గట్టిగా తగిలినా గింజ తగిలినట్టే ఉండింది.

చూసింది చెప్పకుండా ఉండాలంటే మనిషి ఎక్కువ అరవాలి. కనకవ్వ అరవడం పెంచింది. నెల తిరక్కుండానే కులపెద్ద హనుమండ్లు ఇంటికి పోయి, కోడలు గొడ్డుదని, తెగతెంపులు చేసి కొడుక్కు మళ్ళీ పెళ్ళి చేసుకోనియ్యాలని అడిగింది. కైలాసం వద్దనలేదు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాల్సి వస్తుంది.

మార్కండేయ గుడి ముందు కులం కూర్చుంది. ఆదిలాబాదు నుంచి సిద్దిరాములు వచ్చాడు. చెల్లెలు పక్కన నిలబడ్డాడు.

హనుమండ్లు తలపాగా సవరించుకొని, "ఏమమ్మా అనసూర్యా, నీదేమన్న ఉంటె చెప్పు," అన్నాడు.

"నాదేమున్నది మామా. మా ఇంట్ల కోళ్ళను అడుగుండ్రి."

"కోళ్ళేంది?"

"బుచ్చవ్వత్తకు తెలుసు. తప్పు పెట్టల లేకుండె."

ఒకడు కిసుక్కుమన్నాడు. అంతే, గుడి ముందంతా నవ్వు. బుచ్చవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఎవడో వెనకనుంచి, "కైలాసం, జర కూతెయ్యి సూద్దాం," అన్నాడు. కైలాసం చెవులు వేడెక్కాయి. ఆ క్షణాన లేచి "అవును" అని ఉంటే ఒక నవ్వుతో పోయేది. అతను లేవలేదు.

సిద్దిరాములు ముందుకొచ్చాడు. నవ్వడం లేదు.

"పెద్దమనుషులారా, నవ్వులాట ఎందుకు. మా చెల్లెను ఇడిసిపెడుతనంటున్నడు, పెట్టనియ్యుండ్రి. నేను మారుమనువు చేస్త. దాని కడుపు పండకపోతే తప్పు మాది, ఒక్క పైస అడుగ. పండిందా, తప్పు ఆయనది. అప్పుడు మానేరు ఒడ్డు చెలక నా చెల్లెకు రాసియ్యాలె. ఏమంటవు బావా?"

చెలక మాట వినగానే కనకవ్వ లేచింది. "చెలక జోలికి రాకు నువ్వు. అది నా మనుమనిది."

"యాడున్నడే అత్తా నీ మనుమడు?" అన్నాడు సిద్దిరాములు మెల్లగా.

అందరూ కైలాసం వైపు చూశారు. కాదంటే ఊరి ముందు ఒప్పుకున్నట్టే. అతని కళ్ళముందు తల్లి అరచెయ్యి కనబడింది. అందులో రెండు గింజలు.

"ఒప్పుకున్న," అన్నాడు.

ఆ వాడలో తెగతెంపులు నూలుపోగుతోనే. ఒక కొస మగవాడు పట్టుకోవాలి, ఒక కొస ఆడమనిషి. నడుమ కులపెద్ద తెంపుతాడు. హనుమండ్లు లాగితే పోగు తెగలేదు. గంజి బాగా పెట్టిన పోగు. మళ్ళీ లాగాడు. చివరికి అనసూర్యే తన కొసను పంటితో కొరికి తెంపింది. తర్వాత చేతివేళ్ళను కొంగుకు తుడుచుకుంది. పోగు మీద తెల్లపొడి ఉంది.

ఆ ఏడే సిద్దిరాములు చెల్లెలిని మందమర్రిలో మొండయ్య అనే బొగ్గుబాయి కార్మికుడికి ఇచ్చాడు. అతను కూడా సాలెవాడే, మగ్గం వదిలి బాయి పనికి పోయినవాడు, మొదటి పెళ్ళాం చచ్చిపోయింది. కనకవ్వ ఇక్కడ కొడుక్కు సంబంధాలు వెతకడం మొదలుపెట్టింది. పిల్లనిచ్చేవాళ్ళు మర్యాదగా కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, "మందమర్రి కబురు రానియ్యుండ్రి, సూద్దాం," అనేవారు. ఊరంతా ఒక ఆడదాని కడుపు వైపు చెవి పెట్టుకొని కూర్చుంది.

కైలాసం ఎవరికీ చెప్పకుండా కరీంనగర్ పోయాడు. బజారు వెనక సందులో ఒక ముసలి డాక్టరు ఉండేవాడు. ఒక సీసా ఇచ్చి వెనక గదిలోకి పంపాడు. అక్కడ గోడకు దేవుని పటం ఉంటే కైలాసం దాన్ని తిప్పిపెట్టాడు. తర్వాత డాక్టరు అద్దం గొట్టంలో ఒక కన్ను పెట్టి, చాలాసేపు తల ఎత్తలేదు.

"ఏం పని చేస్తవు?"

"మగ్గం."

"ఒంటికి ఏమన్న రాస్తవా? మందులు గిట్ల?"

"తామరకు డీడీటీ. నూనెల కలిపి. గుంటల గూడ చల్లుత."

"ఎన్నాళ్ళ సంది?"

"పెండ్లయిన కొత్తల మొదలువెట్టిన."

డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మగవాని ధాతువులో పురుగులు ఉండాలె కైలాసం. కంటికి కనబడని పురుగులు. చేపపిల్లల తీరుగ ఈదుతయి. అవి పోయి తాకితేనే పిల్లలు. నీ దాంట్ల ఉన్నయే నాలుగైదు. అవి కదలుతలేవు."

కైలాసానికి అనసూర్య చాట గుర్తొచ్చింది. వెల్లకిలా, కాళ్ళు ముడుచుకొని.

"గా పొడి తోటేనా?"

"అదే అని నేను కాగితం మీద రాసియ్యలేను. ఎవ్వరూ రాసియ్యలేరు ఇప్పుడు. కాకపోతే ఒకచోట చదివిన. కోడిపుంజులకు ఆ మందు ఇచ్చి చూసిన్రట ఎక్కడనో. వాటి విత్తులు..." బొటనవేలి గోరును చూపుడువేలితో నొక్కి, గింజంత కొలత చూపించాడు.

కైలాసం పుంజు సంగతి చెప్పలేదు. ఆ గదిలో పుంజు మాట ఎత్తింది డాక్టరే.

"ఆపెయ్యి. అంతా కడిగెయ్యి. ఏడాది ఆగి మళ్ళీ రా. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు," అన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చి గుంటలో మట్టిని జానెడు లోతు తవ్వి మానేట్లో పోసి వచ్చాడు. తొక్కుడు చెక్కలు మార్చాడు. గోడలకు పేడ అలికించాడు. నూనె గిన్నెను పగలగొట్టాడు. తల్లి ఏమిటని అడిగితే, "వాసన," అన్నాడు. ఒంటికి సున్నిపిండి పెట్టి రుద్దుకునేవాడు, చర్మం ఎర్రబడేదాకా. అయినా మగ్గం తొక్కితే కొత్త చెక్కలు కిర్రుమనేవి. ఆ కిర్రు సన్నగా మొదలై, సాగి, తెగేది, అచ్చం పాలకేడ్చే బిడ్డలా. ఆగితే ఆగేది. తొక్కితే మళ్ళీ మొదలు. కొన్నాళ్ళకు ఒక్క బిడ్డ గొంతు కాదనిపించింది. ఎవరో గుంట అడుగున వరసగా కూర్చొని వంతులవారీగా ఏడుస్తున్నట్టుండేది. పుట్టని వాళ్ళకు గొంతు ఎక్కడిదని తనకు తాను చెప్పుకునేవాడు. కాళ్ళు మాత్రం పైకి ముడుచుకొని కూర్చునేవాడు.

తర్వాత ఒక ఉదయం పడుగు మీద కొరుకుడు కనబడింది. బొద్దింక. కైలాసం దాన్ని చంపలేదు. గంజి మెతుకులు మూలకు చల్లి, అది తినేది చూస్తూ కూర్చున్నాడు. ఇంకొన్నాళ్ళకు దూలం మీద బల్లి పలికింది. కనకవ్వ నేలమీద వేలితో తట్టి "సత్యం" అంది. ఆ రోజు కైలాసం పొద్దంతా ఒక్కడే నవ్వుకున్నాడు. ఇంట్లోకి ప్రాణం తిరిగొస్తుంటే ఒంట్లోకి మాత్రం రాదా అనుకున్నాడు. ఏడాది నిండబోతోంది. కరీంనగర్ పోవడానికి ధోవతి ఉతికి ఆరేశాడు.

ఆ ధోవతి ఆరకముందే సిద్దిరాములు వచ్చాడు. ఈసారి చంకలో డబ్బా లేదు. గడప బయటే నిలబడ్డాడు. గోచీతో మగ్గం దగ్గరున్న కైలాసం లేచి రాలేదు.

"కొడుకు," అన్నాడు సిద్దిరాములు. "ఇరువై ఒకటి కూడ అయింది. తల్లీ పిల్లగాడూ మంచిగున్నరు."

మగ్గం రెండు మూడు దెబ్బలు నడిచి ఆగింది.

"మా చెల్లెకు నీ మీద కోపం లేదు బావా. చెలక సంగతి నువ్వూ నేనూ కులం సూసుకుంటం. ఆమె ఒక్కటే అడిగింది. పెట్టెల తొట్టెల గుడ్డ ఉన్నదట. కండెలు ఆమె చుట్టినయట. తెమ్మన్నది."

లోపల కనకవ్వ ఏడుపు మొదలుపెట్టింది. కైలాసం గుంటలోంచి లేచి, పెట్టె దగ్గరికి పోబోయి, ఆగి వెనక్కి తిరిగాడు.

"నీకెందరు పిల్లలు?"

"తెల్వనట్టు అడుగుతవు. ఒక్కతే బిడ్డ."

"కొలువుల చేరకముందు పుట్టిందా, చేరినంకనా?"

సిద్దిరాములు ద్వారబంధం మీద చెయ్యి పెట్టాడు. అతని గోళ్ళ చుట్టూ తెల్లటి గీత, ఎంత కడిగినా పోనిది.

"ముందు," అన్నాడు. మళ్ళీ తనే, "దేవుడు రాసింది," అన్నాడు.

"దేవుడు కాదు. గా పొడి ఇడిసిపెట్టు."

"ఇడిసిపెట్టి? సర్కారోడు ఏమన్న గుంటల కూసోవెట్టి బువ్వ పెడుతడా?" నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "పరేషాన్ చెయ్యకు బావా. గుడ్డ ఇయ్యి, పోత."

కైలాసం పెట్టె తెరిచాడు. చీరలు అమ్ముడుపోయి పెట్టె ఖాళీగానే ఉంది. అడుగున ఎర్రగా ఆ గుడ్డ. అనసూర్య చెంపకు ఆనించుకున్నది. చేతిలోకి తీసుకుంటే బరువుగా అనిపించింది. మడత విప్పి దులిపాడు.

తెల్లటి పొగ లేచింది. పెంకుల సందునుంచి పడే ఎండలో ఆ పొడి సుడి తిరిగి, మెల్లగా, తొందరేమీ లేనట్టు, అతని చేతుల మీదికి దిగింది. అతను ఆ గుడ్డను చూశాడు. అందులో ఒక మగపిల్లవాడు ముడుచుకొని పడుకుంటాడు. బట్ట లేకుండా. తడుపుతాడు, చీకుతాడు, ఆ గుడ్డ కొస నోట్లో పెట్టుకుంటాడు. వానికి పాతికేండ్లొచ్చాక ఎవడో డాక్టరు అద్దం గొట్టంలోంచి తల ఎత్తకుండా ఉంటాడు. ఇరుగుపొరుగు వాని పెళ్ళాం కడుపు వైపు చెవి పెట్టుకొని కూర్చుంటారు.

ఆ పిల్లవాడు తనవాడు కాదు. అయినా చెయ్యి ముందుకు సాగలేదు.

"ఇయ్య," అన్నాడు.

"ఏందీ?"

"గుడ్డ ఇయ్య. పో."

సిద్దిరాములు ముఖం నల్లబడింది. "గింత కుళ్ళా బావా? పసిపిల్లగాని మీద?"

"ఆఁ. గంతే కుళ్ళు."

ఉతికితే పోతుందేమోనని ఒక క్షణం అనిపించింది. తను ఏడాదిగా తొడలు రుద్దుకుంటున్నాడు, పోయిందో లేదో తనకే తెలియదు. పొడి సంగతి చెప్పి ఉంటే సిద్దిరాములుకు అర్థమయ్యేదేమో. కానీ చెప్పాలంటే డాక్టరు మాట చెప్పాలి, సీసా మాట చెప్పాలి, తల్లి అరచేతిలో గింజల మాట చెప్పాలి. కైలాసం గుడ్డను మడిచి చంకలో పెట్టుకున్నాడు. సిద్దిరాములు గడప దగ్గర మట్టి తీసి ఇంటివైపు విసిరి వెళ్ళిపోయాడు. ఆ మాట మందమర్రి దాకా పాకింది. పసివాని తొట్టెకు గుడ్డ ఇయ్యని పాపిష్టివాడని కులమంతా అనుకుంది. అనసూర్య ఏమనుకుందో ఎవరూ వచ్చి చెప్పలేదు. అన్నిటికంటే అదే అతన్ని ఎక్కువ తిన్నది.

ఆ గుడ్డను మగ్గం గుంటలో పరిచి, పైన మట్టి పోసి, పూడ్చి, అలికాడు. మగ్గం విప్పి కట్టెలకు అమ్మేశాడు. తర్వాత ఇంకొకరి ఇంట్లో కూలికి నేశాడు. కరీంనగర్ డాక్టరు దగ్గరికి మళ్ళీ పోలేదు. తిరిగొచ్చిందని చెప్పినా, రాలేదని చెప్పినా, వినడానికి ఆ ఇంట్లో ముసలి తల్లి తప్ప ఇంకెవరున్నారు?

సిద్దిరాములు కొలువులోనే ఉండి, రెండో బిడ్డ లేకుండానే ముసలివాడవుతున్నాడని విన్నప్పుడు కైలాసం సంతోషపడలేదు. బీడీ తీసి ఉమ్మేశాడు, అంతే. వాని మీద కోపం తీసేస్తే తనకు మిగిలేది పూడ్చిన గుంట ఒక్కటే. ఇప్పటికీ అలికిన ఆ చోట పడుకుంటే చెవి కింద సన్నటి కిర్రు వినబడుతుంది. అతను పక్కకు జరగడు. వింటూ పడుకుంటాడు.

కులం మాట ప్రకారం, సిద్దిరాములు గుడ్డ కోసం వచ్చిపోయిన ఆ ఎండాకాలమే, కైలాసం హనుమండ్లు ముందు కాగితం మీద వేలిముద్ర వేశాడు. వేలికి సిరా పూసేముందు అతని బొటనవేలిని ఎవరో గుడ్డతో తుడవాల్సి వచ్చింది. మందమర్రిలో ఉన్న ఒక పిల్లవాని తల్లి పేరున రాసిచ్చింది మానేరు ఒడ్డు చెలక, తూర్పున వాగు, పడమట బండ్లబాట, ఎకరం పన్నెండు గుంటలు.